బెంగళూరులో మన వీధిని మనమే బాగుచేసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు చెత్త గుట్ట ఫొటో పెట్టి "దీనికేదైనా చేద్దాం గురూ" అంటారు. వెంటనే అందరూ సరే అంటారు, ఆ తర్వాత అవే అనుమానాలు మళ్లీ మొదటినుంచీ వస్తాయి. ప్రతిసారీ టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టేముందు

మేం అద్దెకుంటున్నాం, రేపో మాపో ఇల్లు మారతాం. మాకెందుకండీ ఈ గొడవ?

ఓనరు ఎక్కడో జయనగర్‌లో ఉంటాడు. రోజూ ఆ మురుగు దాటుకుని బస్టాపుకి వెళ్లేది మీరు, మీ పిల్లలు. చీపురు పట్టుకోవడానికి ఎవరూ రెంటల్ అగ్రిమెంట్ అడగరు. పైగా నేను చూసినంతలో ఇలాంటి పనులకి పొద్దున్నే లేచి వచ్చేవాళ్లలో అద్దెవాళ్లే ఎక్కువ. సొంతింటివాళ్లు చాలామంది గేటు దగ్గర నిలబడి సలహాలిస్తారు (అందరూ కాదులెండి).

కన్నడ సరిగ్గా రాదు. ముందుపడితే "బయటివాళ్లకెందుకు" అంటారేమో?

ఒకరిద్దరు అనొచ్చు. కానీ ఈ ఊళ్లో పాతవాళ్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, మన వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడేదే తెలుగు. "అక్కా, టీ తాగావా" అని ఒక్కసారి పలకరించి చూడండి, ఆ మూల చరిత్ర మొత్తం చెప్పేస్తుంది. మిగతావాళ్ల దగ్గర "ఊటా ఆయ్తా" (భోజనం అయిందా) అని మొదలుపెట్టండి, తప్పులొచ్చినా పర్లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా పెట్టుకోండి: అంటించే కాగితమైనా, రాసే బోర్డయినా ముందు కన్నడలో ఉండాలి, అదీ కన్నడం వచ్చిన పొరుగువాళ్లు రాసిందై ఉండాలి. ఫోన్లో ట్రాన్స్‌లేట్ కొట్టిన కన్నడం పెడితే చదివి నవ్వుతారు, ఆ తర్వాత పని మాట ఎవరూ వినరు.

ఇది కార్పొరేషన్ పని కదా? పన్ను కడుతున్నాం కదా?

వాళ్ల పనే, అనుమానం లేదు. చెత్త ఎత్తడం, డ్రెయిను తీయడం, స్లాబులు వేయడం మన నెత్తిన వేసుకోకూడదు. 1533కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి, ఆ నంబరు గ్రూపులో పెట్టండి. అయితే లారీ వచ్చి గుట్ట ఎత్తుకెళ్లిన మర్నాడే అక్కడ మళ్లీ కవరు ఎందుకు పడుతుందో లారీకి తెలీదు. అది తెలుసుకోగలిగింది ఆ వీధిలో ఉండేవాళ్లే, మన పని అక్కడ మొదలవుతుంది.

ఏ మూలతో మొదలుపెట్టాలి? మా ఏరియాలో బ్లాక్ స్పాట్లు (ఎప్పుడూ చెత్త పడే చోట్లు) చాలా ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దదాంతో మాత్రం వద్దు. మీ ఇంటికి నడిచే దూరంలో, రోజూ మీ కంట్లో పడే చిన్న మూల చూసుకోండి. దాని మీద చెయ్యి వేసేముందు ఒక వారం ఊరికే గమనించండి. పొద్దున ఆరింటికి, రాత్రి పదకొండింటికి కూడా. అందరికీ బోరు కొట్టేది ఇదే, దీన్ని ఎగ్గొట్టిన చోట ఏ పనీ నిలవలేదు.

మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మూల ఉండేది. చెత్తంతా వెనక రేకుల షెడ్లలో ఉండే కూలీలు వేస్తున్నారని అపార్ట్‌మెంట్ల వాళ్లందరి గట్టి నమ్మకం. కూర్చుని చూస్తే తేలింది వేరు. చెత్త ఆటో ఏడింటికల్లా వచ్చి పోతుంది, పీజీ హాస్టళ్లలో కుర్రాళ్లు లేచేది ఎనిమిదిన్నరకి, బ్యాగు వీపుకి తగిలించుకుని బైకు ఇంజను కూడా ఆపకుండా ఒక నల్ల కవరు విసిరేసి ఆఫీసుకి పోతారు. రాత్రి కొట్టు కట్టేశాక చికెన్ షాపు కుర్రాడు గోనెసంచి తెచ్చి పడేస్తాడు, ఆ వాసనకి కుక్కలొచ్చి అన్ని కవర్లూ చించుతాయి, తెల్లారేసరికి అది "చెత్త వేసే చోటు" అయిపోతుంది, అది చూసి ఎవరో ఇంటి రిపేరు టైల్సు ముక్కలు కూడా అక్కడే దింపేస్తారు. షెడ్ల వాళ్ల సందులోకి ఆటో వెళ్లదు కాబట్టి వాళ్లు బకెట్లతో రోడ్డుదాకా వచ్చి ఆటోలోనే వేస్తున్నారు!

అంటే ఒక్క గుట్టలో మూడు సమస్యలు. పీజీ ఓనరుతో మాట్లాడి గేటు లోపల రెండు డ్రమ్ములు పెట్టించాలి, మాంసం వ్యర్థాలకి వేరే బండి ఉంటుంది కాబట్టి చికెన్ షాపు దాంతో మాట్లాడుకునేలా చూడాలి, టైల్సు సంగతి మేస్త్రీలతో తేల్చుకోవాలి. వీటిలో దేనికీ పెయింట్ డబ్బా అక్కర్లేదు.

ఎంతమంది కావాలి?

గమనించడానికీ, మాట్లాడటానికీ నలుగురైదుగురు చాలు. పని రోజుకి ఇరవై మంది దాటితే చేతిలో పనిలేనివాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు.

## అనుమతులు, డబ్బు

ఆఫీసుకి వెళ్తే ఒకరి మీద ఒకరు చెబుతున్నారు. అసలు ఎవరి పర్మిషన్ కావాలి?

ఆ చోటు ఎవరిదో దాన్నిబట్టి. 2025 సెప్టెంబరు నుంచి పాత బీబీఎంపీ (ఊరంతటికీ ఉన్న ఒకే కార్పొరేషన్) లేదు. గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. చెత్త పని చూసేది మళ్లీ వేరు, బెంగళూరు సాలిడ్ వేస్ట్ మేనేజ్‌మెంట్ లిమిటెడ్ అనే సంస్థ. 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిశాక చాలా ఏళ్లు కార్పొరేటర్లే లేరు, అందుకే ఎవరిని అడగాలో తెలియక జనం తిరుగుతూ ఉంటారు.

మోటుగా చెప్పాలంటే ఫుట్‌పాత్, వాననీటి కాలువ, కార్పొరేషన్ గోడ అయితే మీ వార్డు ఇంజనీరు. మురుగు మ్యాన్‌హోల్ అయితే జలమండలి (నీళ్ల బోర్డు). ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుపక్కల అయితే కరెంటు కంపెనీ బెస్కామ్, 1912కి చెప్పి వాళ్ల లైన్‌మాన్ ఉన్నప్పుడే పని చేయాలి, కంచె లోపలికి మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ప్రైవేటు గోడ అయితే ఓనరు నుంచి ఒక మెసేజ్ అయినా రాతపూర్వకంగా తీసుకోండి. ఉత్తరం రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద సీలు వేయించుకోండి. "చేసుకోండి సార్, ఏం కాదు" అని నోటితో చెప్పిన ఆఫీసరు వచ్చే నెల అక్కడే ఉంటాడని నమ్మకం లేదు.

ఒక ఆదివారం మా వీధిలోకి బండ్లు రాకుండా మూసేసి పిల్లల్ని ఆడుకోనివ్వొచ్చా?

ఇది ఈ ఊరికి కొత్తేం కాదు. వినాయక చవితికి పందిళ్లు వేసినప్పుడు ఎన్ని వీధులు మూసేస్తారో చూడండి. చైత్ర పౌర్ణమి రాత్రి కరగ ఉత్సవం ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరి పాతపేట వీధులన్నీ తిరుగుతుంది, దారిలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగుతుంది, ఆ రాత్రంతా రోడ్డు నడిచేవాళ్లదే. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె (వేరుశనక్కాయల జాతర) అయితే బుల్ టెంపుల్ రోడ్డు మొత్తం వేరుశనక్కాయల రాశులే, మన ఆంధ్రా వైపు నుంచి కూడా బస్తాలు వేసుకుని వస్తారు. ప్రభుత్వం కూడా 2020 నవంబరు నుంచి కొన్ని నెలలపాటు శని, ఆదివారాల్లో చర్చ్ స్ట్రీట్‌ని నడిచేవాళ్లకే వదిలేసింది.

మీ వీధికి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ అనుమతి కావాలి. మెయిన్ రోడ్డుకి దొరకదు, లోపలి క్రాస్ రోడ్డుకి మూడు నాలుగు గంటలకి అడిగితే వినే అవకాశం ఉంది. ప్రతి ఇంటి సంతకం తీసుకోండి, ముఖ్యంగా డయాలిసిస్‌కో ఇంకోదానికో వెళ్లే పెద్దవాళ్లున్న ఇళ్లు ముందే కనుక్కోండి. అంబులెన్సు పట్టేంత దారి వదిలి, అడ్డంగా పెట్టినవి ఒక్క నిమిషంలో తీయగలిగేలా ఉండాలి. కుర్చీలు చాలు, బండరాళ్లు వద్దు.

డబ్బు ఎవరిస్తారు? కంపెనీ సీఎస్‌ఆర్ అడుగుదామా?

చిన్న మూలకి వద్దు. కంపెనీ డబ్బుతోపాటు లోగో, టీషర్టు, ఫొటోగ్రాఫరు, పదకొండింటికి వచ్చే మేనేజరు అన్నీ వస్తాయి. సున్నం, ఎర్రరంగు, చీపుర్లు, పారలు, గ్లౌజులు వీధిలో ఇళ్లన్నీ తలా కొంచెం వేసుకుంటే సరిపోతుంది. యూపీఐలోనే తీసుకోండి, ప్రతి బిల్లు ఫొటో గ్రూపులో పెట్టండి, మిగిలిన పైసలు కూడా రాయండి. చాలా గ్రూపులు విడిపోయేది చెత్త దగ్గర కాదు, లెక్కల దగ్గరే.

లోకల్ లీడరు వచ్చి తన ఫ్లెక్సీ పెడతానంటున్నాడు. కాదంటే గొడవవుతుందా?

గొడవ పెట్టుకోకండి. "సార్, 2018లో ఫ్లెక్సీలు తీసేయమని హైకోర్టు అంత గట్టిగా చెప్పాక మళ్లీ పెడితే మీకే ఇబ్బంది" అని మర్యాదగా చెప్పి, చీపురు చేతికిచ్చి ఫొటో తీయండి. ఫొటో ఆయనకి, మూల మనకి.

## పని చేసే రోజు

గోడ మీద దేవుడి టైల్స్ అంటిస్తే ఎవరూ మూత్రం పోయరు కదా?

పది అడుగులు అవతలికి జరిగి పోస్తారు. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. దేవుణ్ణి వాచ్‌మన్‌ని చేయడం ఒక సంగతి, ఎవరి దేవుడు అనే పంచాయితీ ఇంకో సంగతి. అసలు అడగాల్సింది అక్కడ నిలబడేది ఎవరని. చాలాచోట్ల ఆటో స్టాండు డ్రైవర్లో డెలివరీ కుర్రాళ్లో ఉంటారు, దగ్గర్లో వాళ్లకి టాయిలెట్ ఉండదు. పక్క దర్శిని (నిలబడి తినే టిఫిన్ హోటల్) ఓనరుని అడిగి వాళ్లని లోపలికి వెళ్లనిచ్చేలా ఒప్పిస్తే గోడ దానంతటదే ఆరిపోతుంది.

ఇక రంగు సంగతి. 2010లో చర్చ్ స్ట్రీట్‌లో మొదలైన "ది అగ్లీ ఇండియన్" అనే వాలంటీర్ల గుంపు పద్ధతి గమనించండి. పేర్లు చెప్పుకోరు, "కామ్ చాలూ, మూహ్ బంద్" (పని మొదలు, నోరు బంద్) అంటారు. వాళ్లు బాగుచేసిన గోడలకి కింద నడుమెత్తు దాకా ముదురు ఎరుపు ఉంటుంది, పైన లేతరంగు. ఫ్లైఓవర్ స్తంభాల మీద త్రిభుజాల డిజైన్లు చూసే ఉంటారు, అవి ఎవరైనా వేయగలరు, టేపు అంటించి నింపడమే. కింద ఎరుపు ఎందుకంటే పాన్ ఉమ్ములూ బురద చిందులూ అందులో కలిసిపోతాయి. మన ఊళ్లలో అరుగులకి జేగురు పట్టీ వేసేది కూడా కొంత అందుకే. పెద్ద పెద్ద ముఖాల మ్యూరల్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో బాగుంటాయి, మొదటి వానాకాలానికి పెచ్చులూడితే మళ్లీ దిద్దేందుకు ఆ ఆర్టిస్టు రాడు. మీ వీధివాళ్లు మళ్లీ వేయగలిగిందే వేయండి.

రోడ్డు గుంతలో బొమ్మ వేస్తే నిజంగా పూడుస్తారా?

కొన్నిసార్లు వెంటనే! బాదల్ నంజుండస్వామి 2015లో సుల్తాన్‌పాళ్యలో నీళ్లు నిండిన పెద్ద గుంతలో మొసలి బొమ్మ పెట్టాడు, దేశమంతా చూసింది, గుంత పూడింది. 2019లో ఒక మనిషికి వ్యోమగామి డ్రెస్సు వేసి గుంతల రోడ్డు మీద చంద్రుడి మీద నడిచినట్టు మెల్లగా నడిపించి వీడియో తీశాడు, ఆ రోడ్డుకీ తారు పడింది. తిట్టుకుంటూ వెళ్లేవాళ్లని ఆగి నవ్వేలా చేయడం అతని బలం. అతను ఆర్టిస్టు, ఒక్కో గుంతకి ఒక్కో ఆలోచన. అదే మొసలి మనం కూడా పెడితే ఎవరూ తిరిగి చూడరు. ఇంకోటి, గుంత మళ్లీ పడటానికి కారణం ఎక్కువగా నీళ్లు పోయే దారి లేకపోవడం, కేబుల్ కోసం తవ్వి సరిగ్గా పూడ్చకపోవడం. బొమ్మతోపాటు ఆ తవ్వకం ఎవరిదో కనుక్కుని ఉత్తరం ఇస్తేనే ఆ పూడిక నిలుస్తుంది. నడిరోడ్డు మీద రంగులు వేయడం మాత్రం ట్రాఫిక్ లేని వేళ, ఇద్దరు కాపలా ఉన్నప్పుడే.

తోపుడుబండ్లని తీయించేస్తే ఫుట్‌పాత్ ఖాళీ అవుతుంది కదా?

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అందరూ ముందు అడిగేది ఇదే, నేను ముందు కాదనేది కూడా ఇదే.

చట్టం మాట చెప్పుకుందాం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇవ్వకముందు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. అదే సమయంలో నడిచేవాళ్లకి కూడా హక్కుంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా పట్టే వెడల్పు అది. టేపు పట్టుకుని కొలవండి. దారిని మింగేసింది చాలాచోట్ల ఇడ్లీ బండి కాదు, పైకెక్కించిన కార్లు, షాపుల మెట్లు, ఎవరూ తీయని పాత స్తంభాలు.

ఇంకో సంగతి, తెల్లవారి అయిదు నుంచి రాత్రి పది దాకా ఆ మూల మీద కన్నేసి ఉంచే మనిషి ఆ బండి ఆవిడే. మా వైపు పూలమ్మే ఆవిడ స్టూలు చెత్త పడేచోటికి నాలుగడుగులు జరిపించాం, నీడకి ఒక గొడుగు పెట్టించాం. ఆవిడ కళ్లముందు కవరు విసిరే ధైర్యం ఎవరికీ రాలేదు. "ఏన్ సార్, ఇల్లి ఏనక్కె హాక్తీరా" (ఏంటి సార్, ఇక్కడెందుకు వేస్తారు) అని ఒక్క కేక వేస్తుంది, బైకు ఆగకుండా పోతుంది, కవరు మాత్రం బైకు మీదే ఉండిపోతుంది.

మొక్కలు నాటుదామా?

నాటండి, కానీ నీళ్లు పోసేదెవరో పేరు రాసుకున్నాకే. వేప, కానుగ లాంటివి మేలు, వైర్ల కింద మాత్రం ఎత్తు పెరిగేవి వద్దు. ఉన్న చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు పోసి ఉంటే అది తీయించడం కొత్త మొక్క నాటడం కంటే పెద్ద పని. అడ్డుగా ఉందని చెట్టు కొమ్మ మీరే కొట్టేయకండి, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసరు అనుమతి ఉండాలి.

పిల్లల్ని తీసుకురావచ్చా?

రంగుకి తీసుకురండి, చెత్త ఎత్తడానికి వద్దు. గాజు పెంకులు, సిరంజిలు ఉంటాయి.

## ఆ తర్వాత

వారం తిరక్కుండానే మళ్లీ చెత్త వేశారు. అంతా వృథాయేనా?

వేస్తారు, టెన్షన్ పడకండి. మొదటి రెండు మూడు వారాలు పొద్దున్నే ఒకరు వెళ్లి పడిన ఒకటి రెండు కవర్లు తీసేయాలి, ఎనిమిదిలోపు. కవరు ఒంటరిగా ఉంటే తీయొచ్చు, దాని పక్కన ఇంకో పది చేరితే లారీ రావాలి. కవరు విప్పి చూడండి (గ్లౌజులతో), కొరియర్ బిల్లు మీద అడ్రసు ఉంటుంది. గ్రూపులో పెట్టి పరువు తీయకండి, నేరుగా తలుపు కొట్టి మాట్లాడండి.

తడి, పొడి వేరు చేయడం ఎలాగో ఇప్పటికీ తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన పీజీ పిల్లలు. 2015 డిసెంబరులో హైకోర్టు చెప్పింది రెండు డబ్బాలు, ఒక సంచి. ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, ఎర్రదాంట్లో శానిటరీ ప్యాడ్లు, డైపర్ల లాంటివి, సంచిలో పొడి చెత్త. ఆటో వచ్చే టైముతోపాటు ఇది కూడా ప్రతి పీజీ గోడ మీద తెలుగులో, హిందీలో అంటించండి.

సీసీ కెమెరా, జరిమానా బోర్డు పెడితే సరిపోదా?

బోర్డుని చూసి ఎవరూ ఆగరు, దాని కిందే వేస్తారు. కెమెరా పెట్టినా ఫుటేజీ చూసే మనిషి కావాలి. 2025 అక్టోబరులో అయితే అధికారులే "కస సురియువ హబ్బ" (చెత్త కుమ్మరించే పండగ) అని పేరుపెట్టి, రోడ్డు మీద పడేసినవాళ్ల ఇళ్ల ముందు లారీతో చెత్త కుమ్మరించి జరిమానా వేశారు. చూడటానికి భలే ఉంది, జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ చెత్తని మళ్లీ ఎత్తాల్సిన పౌరకార్మికులే కనిపించారు.

చోటు శుభ్రమైంది, ఖాళీగా ఉంది. ఇప్పుడేం చేయాలి?

జనం కూర్చునేలా చేయండి, అంతకంటే మందు లేదు. ఒక రాతి బెంచీ, మీద లైటు, అంతే. కబ్బన్ పార్కులో శనివారం పొద్దున చాపలు వేసుకుని ఎవరికి వాళ్లు మాట్లాడకుండా పుస్తకం చదువుకునే "కబ్బన్ రీడ్స్" చూడండి. ఫీజు లేదు, స్టేజీ లేదు, పరిచయాలు కూడా లేవు, అయినా హైదరాబాదుతో సహా ఎన్నో ఊళ్లకి పాకింది. మన వీధుల్లో ఉగాది ఉంది కదా, కన్నడిగులకీ మనకీ ఒకటే రోజు. మనం పచ్చడి చేస్తే వాళ్లు బేవు బెల్ల (వేపపువ్వు, బెల్లం) తెస్తారు, ఆ మూలలోనే పంచండి. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడితే అపార్ట్‌మెంట్ పార్కింగులో కాదు, రోడ్డు మీద పెట్టండి, షెడ్లలో ఉండేవాళ్లు కూడా వస్తారు.

చెరువు మీద పని చేయొచ్చా?

చేయొచ్చు, కానీ అది ఏళ్ల తరబడి పని. జేపీ నగర్‌లో పుట్టేనహళ్లి చెరువు కోసం చుట్టుపక్కలవాళ్లు 2010లో ట్రస్టు పెట్టుకున్నారు, మరుసటేడు కార్పొరేషన్‌తో నిర్వహణ ఒప్పందం రాసుకున్నారు, ఇప్పటికీ గుర్రపుడెక్క తీస్తూనే ఉన్నారు. సర్జాపూర్ రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువు కూడా జనం పట్టుదల వల్లే బతికింది. కొత్తగా గ్రూపు పెట్టేబదులు ముందు ఇలాంటివాళ్ల ఆదివారం పనికి వెళ్లండి. నీళ్లు ఏ కాలువ నుంచి వస్తున్నాయి, మురుగు ఎక్కడ కలుస్తోంది అన్నది తెలియకుండా ఒడ్డున వాకింగ్ ట్రాక్ వేస్తే వచ్చేది మురికిగుంట చుట్టూ వాకింగ్ ట్రాక్.

ఇవన్నీ చిన్నవి. ఊరంతటికీ సంబంధించిన పెద్ద ప్రాజెక్టుల్ని జనం ఆపగలరా?

ఒకసారి ఆపారు. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా సుమారు 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవరు కోసం 800కి పైగా చెట్లు కొట్టాల్సి వచ్చేది. 2016 అక్టోబరు 16న వేలమంది "స్టీల్ ఫ్లైఓవర్ బేడ" (వద్దు) అని ఆ రోడ్డు పొడుగునా చేతులు పట్టుకుని నిలబడ్డారు, మరోపక్క కేసులు నడిచాయి, 2017 మార్చిలో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అప్పుడు పనికొచ్చినవి డబ్బులో హోదాలో కాదు, అంతకుముందే చెరువుల కోసమో చెత్త కోసమో ఏర్పడి ఉన్న ఏరియా గ్రూపులు. ఒక్క మెసేజ్‌తో జనాన్ని రోడ్డు మీదికి తెచ్చింది అవే. ఇప్పుడైతే నిరసనలకి ఫ్రీడమ్ పార్కే చోటు, పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలం. అక్కడికి పోలీసుల అనుమతి ముందే తీసుకోవాలి.